పతాకము కఱ్ఱగా మాఱిన వేళ

దేశభక్తి యనఁగా పరదేశీయుని దూషించుటయా? రైడరు కప్పు గాల్ఫుపోటీ నేఁడీ ప్రశ్నను లోకము ముందుంచినది. 1927లో బ్రిటను, అమెరికా జట్ల నడుమ నారంభమైన యీ పోటీ 1979 నుండి ఐరోపా, అమెరికాల నడుమ జరుగుచున్నది.

1969లో ఇంగ్లండునందలి బర్క్‌డేలున తుది యాటలో బ్రిటిషు వీరుఁడు జాక్లిన్ రెండుమూఁడడుగుల దూరమునుండి బంతిని గుంటలో వేయవలసియుండెను. తప్పినచో విజయ మమెరికాదే. అమెరికా వీరుఁడు నిక్లాసు ఆ దెబ్బను కొట్టనక్కఱలేదని విడిచిపెట్టెను. పోటీ 16-16 సమమయ్యెను. దానిచే అమెరికా గౌరవము తగ్గెనా? ఇనుమడించెను.

2025 సెప్టెంబరున న్యూయార్కు రాష్ట్రమందలి బెత్‌పేజిలో జరిగినదేమి? దినమునకు సుమారు 750 డాలర్లిచ్చి వచ్చిన ప్రేక్షకులలోఁ గొందఱు ఐరోపా యాటగాఁడు మెకిల్రాయ్‌ను బంతి కొట్టఁబోవు క్షణమునఁ గూడ దూషించిరి. ఎవరో విసరిన పానీయ మాతని భార్యకుఁ దగిలెను. మైదానమునఁ బ్రకటనలు చేయు నామెయే బూతుకేకలో గొంతు కలిపి, పిదపఁ దప్పుకొనవలసివచ్చెను. ఇంత చేసియు నేమి ఫలము? ఐరోపా 15-13 గెలిచెను.

టిక్కెట్టు ఆటఁ జూచుటకే గాని యతిథి నవమానించుటకుఁ గాదని మే మెలుఁగెత్తి చెప్పుచున్నాము. పతాకము తలయెత్తి మ్రొక్కఁదగినది. పరులను మోఁదు కఱ్ఱ గాదు. 2027లో ఐర్లండునందలి అడేరు మేనరున నీ పోటీ జరుగవలసియున్నది. ఐరోపీయులు పగ తీర్చుకొనక, నిక్లాసు చూపిన బాటనే నడతురు గాక!