తాళము వేసిన బీరువా

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములందు సాహిత్యాభిమానులకు కొఱత లేదు. కవిసమ్మేళనములు జరుగుచున్నవి, పుస్తకావిష్కరణములు జరుగుచున్నవి, శాలువలు కప్పబడుచున్నవి. వక్త యొక గంటసేపు ఒక కవిని వేనోళ్ళ ప్రశంసించును. వినినవానికి ఆ కావ్యమును చదువవలెనను కోరిక పుట్టును. మఱునాడు ఆ పుస్తకమెచ్చట దొరకునని అతడడిగినచో సమాధానము చెప్పగల సంఘములెన్ని? ఆకలి పుట్టించి అన్నము పెట్టని ఆతిథ్యమువలె మన సభలు ముగియుచున్నవి. సాహిత్యసంఘమను పేరు పెట్టుకొన్న ప్రతి సంస్థయు పుస్తకములను ఇండ్లకిచ్చు గ్రంథాలయము నొకదానిని నడుపవలెననియు, ఇదివఱకే యున్నచో దాని తాళము తీయవలెననియు మా మనవి.

ఇది క్రొత్త కోరిక కాదు. తెలంగాణమున ప్రజాచైతన్యము గ్రంథాలయముల గడపనుండియే బయలుదేరినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు శ్రీరాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. నాడు ఉర్దూ రాజభాష. తెలుగు చదువు అరుదు. తరువాతి కాలమున బహిరంగసభకు ముందుగా సర్కారు అనుమతి కోరు గస్తీ నిషాన్ 53 వచ్చిపడినను, చదువరులు చందాలు వేసికొని ఈ నిలయములను నిలుపుకొనిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకముల మూటను మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. నిజామాబాదు చెరసాలలో ఆయనతోనుండిన దాశరథి కృష్ణమాచార్యులు కాగితము లేక బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసెను. ఆ దాశరథి నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరువాడే. వారంతటి కష్టమున నిలిపిన అక్షరమును మనము నేడు బీరువా అద్దముల వెనుకనుంచి చూచుచున్నాము.

“ప్రభుత్వ గ్రంథాలయములుండగా సంఘమునకు ఈ శ్రమ యేల?” అని కొందఱందురు. ప్రభుత్వ గ్రంథాలయములు ఉండవలసినవే. 1960 నాటి గ్రంథాలయశాసనము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలగుచున్నది. 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణములును జిల్లాకేంద్రములైనవి. వసూలైన పన్ను పురపాలకసంఘముల ఖాతాలలోను, పంచాయతీల ఖాతాలలోను నిలిచిపోక సకాలమున గ్రంథాలయసంస్థలకు చేరవలెనని అడుగుట పౌరుల హక్కు. అడుగవలెను. అయినను ఆ పఠనాలయములకు పోయి చూచినచో ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులే బల్లలనిండ కనబడుదురు. వారిని తప్పుపట్టుట అన్యాయము. ఇంట చోటులేని పేదవిద్యార్థికి ఆ బల్లయే బ్రతుకుదెరువునకు దారి. కాని యా ఒత్తిడిలో కావ్యమునో కథలనో ఏరి చదువరి చేతికందించి, చదివిన పిదప దానినిగూర్చి అతనితో మాటలాడుటకు అచ్చటి ఉద్యోగికి తీరిక యెక్కడిది? ఆ పని సాహిత్యసంఘముది.

మఱి సంఘములేల వెనుదీయుచున్నవి? పుస్తకము పరులచేతికి పోయిన మఱల రాదను భయముచేత. కార్యదర్శి మంచివాడే, పుస్తకములను ప్రాణమువలె చూచుకొనును, అందుచేతనే తాళముచెవిని మొలత్రాటికి కట్టుకొనును. మధ్యయుగమున ఐరోపాలోను ఇట్లే పుస్తకములను గొలుసులతో బల్లలకు బంధించిరి. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో మొదటిది, గ్రంథములు వినియోగముకొఱకే యనుట.

ఇంతకంటె దగ్గఱి నిదర్శనము మన జిల్లాలలోనే కలదు. జనగామ జిల్లాలోని బమ్మెర పోతన స్వగ్రామమని ప్రసిద్ధి. తనకు అంకితమీయలేదను కోపముతో సర్వజ్ఞసింగభూపాలుడు భాగవతమును భూమిలో పాతించెననియు, కొన్నిభాగములు చెదలపాలయ్యెననియు ఐతిహ్యము. కథ నిజమో కాదో పండితులు తేల్చుకొందురుగాక. కొన్ని స్కంధములను గంగన, సింగన, నారయలు పూరింపవలసివచ్చిన మాట నిజము. జనుల నోటికెక్కిన పద్యములకు మాత్రము నేటివఱకును చెద పట్టలేదు.

పోయిన పుస్తకము నష్టమే. ఎవరును ముట్టని పుస్తకము అంతకన్న పెద్ద నష్టము. మొదటిది జమాఖర్చులో కనబడును, రెండవది కనబడదు. ఏటేట కొన్ని పుస్తకములు పోవునని ముందే ఖర్చులో వ్రాసికొన్న సంఘమునకు భయపడ పనిలేదు.

ఈ భయమునకు మందు నియమము. ఆరంభమునకు ఏరి కూర్చిన 300 పుస్తకములు చాలును. దానమిచ్చినవెల్ల పుచ్చుకొన్నచో బీరువా పాతకాగితముల కొట్టగును. ప్రతి పుస్తకమునకు వరుససంఖ్య నిచ్చి పట్టికలో నెక్కింపవలెను. సభ్యుడు కొద్దిపాటి ధరావతు చెల్లించి రసీదు పొందవలెను. అది కట్టలేని విద్యార్థికి ఒక సభ్యుని జామీను చాలును. ఒక పర్యాయమునకు ఒక పుస్తకము. గడువు 15 దినములు. వేఱొకరు కోరనిచో మఱియొక గడువు. గడువు మీఱినచో స్వల్పముగా అపరాధరుసుము. నవంబరు 14 మొదలు 20 వఱకు జరుగు గ్రంథాలయవారోత్సవములందు మాత్రము ఎంతకాలపు బాకీపుస్తకమునైనను రుసుము లేక పుచ్చుకొనవలెను. సిగ్గుచే దాచుకొన్నవాడు అప్పుడు తెచ్చియిచ్చును. తాళముచెవులు ఇద్దఱియొద్ద నుండవలెను. పుస్తకములను ఎన్నుకొను ఉపసంఘము ఏటేట మాఱవలెను. ఒకరి అభిరుచియే బీరువానంతయు ఆక్రమింపరాదు.

వేళలు ఊరినిబట్టి యుండవలెను. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు షిఫ్టులలో పనిచేయును. సాయంకాలము రెండుగంటలు మాత్రమే తెరచు గ్రంథాలయము రెండవ షిఫ్టువానికి లేనట్లే. జనగామలో మధ్యాహ్నవేళ తెరచినచో ఇంటిపనుల నడుమ తీరిక చిక్కిన స్త్రీలును రాగలరు. మహబూబాబాదు చుట్టునున్న తండాలనుండి కళాశాలకు వచ్చు విద్యార్థిచేత సంచిలో పది పుస్తకములు పంపినచో గ్రంథాలయమే తండాకు పోయినట్లగును. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టాలో కాలువపై పడవలో పుస్తకములను పల్లెలకు చేర్చిరి. మనకు పడవ లేదు, బస్సు కలదు.

సెల్‌ఫోనులో సమస్తమును దొరకును గదా యని వేఱొక ఆక్షేపణ. దొరకును, కాని ఒకే పుస్తకమును ఒకే నెలలో ఊరివారు పదుగురు చదివి ఒకచోట కూర్చుండు సందర్భమును అది కల్పింపదు. సంఘము నెలకొక గ్రంథమును ఎన్నుకొని నాలుగైదు ప్రతులు చేతులు మార్చవలెను. నెలాఖరు సభలో చదివినవారే ముందు మాటలాడవలెను, ముఖ్యవక్త పిదప. నచ్చలేదనువానికిని చోటుండవలెను. చదువక పొగడుట కవికి గౌరవము కాదు.

వచ్చు వార్షికసభయందు పాఠకమహాశయులు తమ కార్యదర్శిని మూడు ప్రశ్నలడుగుదురుగాక. ఈ యేడు ఎన్ని పుస్తకములు ఇండ్లకు పోయినవి? ఎన్ని తిరిగివచ్చినవి? ఒక్కసారియు కదలనివెన్ని? ఈ లెక్కలు చెప్పగలిగిన సంఘము సజీవము. చెప్పలేనిచో దోషము కార్యదర్శిది మాత్రమే కాదు; ఇన్నాళ్ళును అడుగని మనది కూడ.