మంచాన పడితేనే బీమానా?

దర్శి: మిరప కోతల రోజులలో కూలి మనిషి ఒక దినం పని మానితే ఆ యింటి వారం లెక్క తారుమారవుతుంది. అటువంటి రోజున మా ప్రాంతపు కూలీ ఒకాయన, గుండెకు స్టెంటు వేయించుకుని నాలుగు నెలలైనవాడు, తెల్లవారక ముందే బస్సెక్కి నగరంలోని ఆసుపత్రికి వెళ్లాడు. తోడుగా కొడుకూ పని మానుకున్నాడు. మధ్యాహ్నం దాకా వరుసలో కూర్చోగా డాక్టరుగారు రక్తపోటు చూసి, కాగితాలు తిరగేసి, “అవే మందులు వాడు” అన్నారు. అయిదు నిముషాల పని. తండ్రీకొడుకులు ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

స్టెంటు వేసినందుకు ఆ కుటుంబం పైసా చెల్లించలేదు. అంతా ప్రభుత్వ పథకమే భరించింది. వారిని కుంగదీస్తున్నది ఆ తర్వాతి రాకపోకలు. దర్శి నుంచి ఒంగోలు యాభై కిలోమీటర్ల పైమాట. గుంటూరు ఇంకా దూరం. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సులలో ఆడవారికి చార్జీ తప్పింది గాని, పోయే కూలి ఎవరికీ తప్పలేదు. అందుకే చాలామంది రెండుసార్లు వెళ్లి, మూడోసారి మానుకుంటారు. పాత చీటీ పట్టుకుని మందుల షాపులో అవే మాత్రలు కొనుక్కుంటారు. కొన్నాళ్లకు డబ్బు చాలక అవీ మానేస్తారు. తిరిగి నొప్పి వచ్చిననాడు మళ్లీ అంబులెన్సు, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ప్రభుత్వానికే ఖర్చు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఈ పథకం ఎందరో పేదల ప్రాణాలు నిలబెట్టింది. అందులో రెండో మాట లేదు. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి చుట్టూ అల్లిన పథకం. కొన్ని చికిత్సల తర్వాత ఏడాదిపాటు ఉచిత పరీక్షలు, మందులు ఉన్నా, వాటి కోసం రోగి ఊరు దాటవలసిందే. కేంద్రం 2018లో ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ బీమా సయితం ఓపీ చీటీ వైద్యానికి వర్తించదు.

దూరం నుంచి వైద్యం మనకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరంలోనే టెలిమెడిసిన్ కేంద్రం మొదలైంది. 2019 నవంబరులో ఈ-సంజీవని సేవను దేశంలో ముందుగా అందుకున్నది మన రాష్ట్రమే. గ్రామ ఆరోగ్య కేంద్రంలో కూర్చుని, పక్కన ఆరోగ్య సిబ్బంది ఉండగా, ఎక్కడో ఉన్న డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు. జ్వరానికీ, దగ్గుకూ, చక్కెర వ్యాధికీ అది మేలే చేస్తోంది. కాని స్టెంటు వేసిన డాక్టరు వేరు, అక్కడ తెరమీద కనిపించే డాక్టరు వేరు. రోగి చరిత్ర ఎరిగిన ఆసుపత్రికీ, రోగి ఊరికీ మధ్య వంతెన లేదు. వీడియోలో చూసినందుకు పథకం నుంచి రుసుము ముట్టకపోతే ఏ ఆసుపత్రి మాత్రం తన డాక్టరును అందుకోసం కూర్చోబెడుతుంది?

చట్టం అడ్డమా అంటే కాదు. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ నిబంధనలు విడుదల చేసింది. ఒకసారి స్వయంగా చూసిన రోగిని, అదే జబ్బుకు, ఆరు నెలలలోపు ఫోనులోనో వీడియోలోనో తిరిగి చూసి మందులు కొనసాగించవచ్చని అందులో ఉన్నది. అదే ఏడాది జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ, డాక్టరు ఫీజు ఇచ్చే పాలసీలు టెలిమెడిసిన్‌కూ ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా కోవిడ్ కాలంలో ఇంటినుంచి వీడియోలో చూపించుకున్నవారి తరఫున డాక్టర్లకు చెల్లించింది. ప్రీమియం కట్టగలవారికి ఒప్పయినది, తెల్లకార్డువారికి తప్పెలా అవుతుంది?

ఫోను వైద్యం పేరుతో ఉన్న డాక్టర్లను కూడా ఊళ్లకు దూరం చేస్తారన్న భయం ఉన్నది. అది న్యాయమైన భయమే. పురుగుమందు తాగినవాడికీ, కాన్పు నొప్పులు పడే తల్లికీ ఫోను పనికిరాదు. దర్శి ఆసుపత్రిలో డాక్టరు ఉండి తీరాలి. చేయని సంప్రదింపులకు బిల్లులు పెట్టుకునేవారూ లేకపోలేదు. కనుక కొన్ని కట్టుబాట్లు అవసరం. సంప్రదింపు గ్రామ ఆరోగ్య కేంద్రంలోనే, సిబ్బంది సమక్షంలో జరగాలి. ముందుగా రక్తపోటు, చక్కెర చూసి డాక్టరుకు పంపాలి. రోగి చేతికి చీటీ రావాలి, మందులు అక్కడే అందాలి. “ఒకసారి రండి” అని డాక్టరు అంటే ఆ ప్రయాణపు ఖర్చు కూడా పథకమే ఇవ్వాలి. ఫోను వాడటం రాని ముసలివారికి, చూపు ఆననివారికి ఈ పద్ధతిలోనే న్యాయం జరుగుతుంది.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆరోగ్య బీమాను అన్ని కుటుంబాలకూ విస్తరించాలని, రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆపైన ట్రస్టు ద్వారా నడపాలని నిర్ణయించింది. ఆ ఏర్పాటులో, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోగిని వీడియోలో తిరిగి చూడటాన్ని చికిత్సలో భాగంగానే లెక్కించి రుసుము నిర్ణయించాలి. ముందుగా గుండె, మూత్రపిండాలు, పక్షవాతం, క్యాన్సర్ రోగులతో మొదలుపెట్టినా చాలు.

మా ప్రాంత శాసనసభ్యులు, జిల్లా వైద్యాధికారులు ఈ సంగతిని ప్రభుత్వం దృష్టికి తీసుకువెళ్లవలసి ఉన్నది. ఆ కూలీకి వచ్చే నెల మళ్లీ తారీఖు ఇచ్చారు. అప్పటికి కోతలు ఇంకా ముగియవు.