బడి లెక్క ఊరికి తెలియాలి

ప్రభుత్వ బడి మంచిచెడ్డలు చూసుకునే అధికారం ఊరికీ ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చింది. 2010 ఏప్రిల్ 1న అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంమీద సగం మంది మహిళలు ఉండాలి. బడి నడిచే తీరును, నిధుల ఖర్చును గమనించడం వాళ్ల పని. చాలాచోట్ల ఆ పని సంతకాలతో సరిపోతోంది. అసలు నష్టం అదే.

లెక్క ఎలా అడగాలో రాజస్థాన్ పల్లెలు చూపాయి. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరానాలో తొలి జన్ సున్‌వాయి (బహిరంగ విచారణ) జరిపింది. ప్రభుత్వ పనుల రికార్డులను జనం మధ్య పైకి చదివి వినిపించారు. కాగితం మీద ఉన్నది నిజమో కాదో కూలీలే సాక్ష్యం చెప్పారు. అడిగే హక్కు లేకపోతే కాగితాలు బయటికి రావని అక్కడే తేలింది. ఆ పోరాటం దేశమంతా పాకి, 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనులపై మొదలైన సామాజిక తనిఖీదీ అదే బాట.

పిల్లలు తగ్గారంటూ బడులను విలీనం చేస్తున్న ఈ రోజుల్లో ఆ బాట బడి గడప దాకా రావాలన్నదే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే ఆలోచన. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లకు నీళ్లు, ఖాళీగా ఉన్న టీచరు పోస్టు, ఇవన్నీ గ్రామసభలో అడగవలసినవే. పాఠకులు తమ ఊరి బడి కమిటీ తీర్మానాల పుస్తకం చూసి, అందులో ఏముందో మాకు రాయాలని మనవి.