ముందు చూడాలి, తరువాత విసరాలి



వలలు బాగుచేసుకుంటున్న గలిలయ జాలరులను మన పిల్లలు ఆదివారపు బడిలోనే ఎరుగుదురు. అయితే ప్రభువు పేతురును ఒకసారి వల కాదు, గాలమే వేయమని పంపిన సంగతి మత్తయి 17వ అధ్యాయంలో ఉంది. మన చెరువుగట్ల మీద కూడా పిల్లలు, పెద్దలు వానపామును గుచ్చి గాలం వేసి, బెండు మునిగేదాకా కూర్చుంటారు. ఈ నెల అదే గాలపు పనిని మరొక విధంగా చేసే ఒక ప్రాంతాన్ని గూర్చి చెప్పుకుందాం. అక్కడ వానపాము లేదు, బెండు లేదు. ఉన్నది ఒక ఈగ. అదీ నిజమైన ఈగ కాదు.

ఇంగ్లాండు దేశపు దక్షిణ భాగంలో హాంప్‌షైర్, విల్ట్‌షైర్ అనే ప్రాంతాలున్నాయి. అక్కడ నేల అడుగున ఉన్నది సుద్దరాయి. కురిసిన వాన చాలవరకు పైపైన పారిపోదు. సుద్దలోనికి ఇంకి, నెలల తరబడి వడకట్టబడి, ఊటలుగా పైకి వస్తుంది. అందుచేత టెస్ట్, ఇచెన్, ఏవన్ అనే ఆ నదులలో మన గోదావరికి వచ్చినట్లు ఎర్రని వరద రాదు. ఊట దగ్గర నీరు ఎండాకాలమైనా చలికాలమైనా సుమారు 10, 11 డిగ్రీల చలువలోనే ఉంటుంది. అడుగునున్న గులకరాళ్లను లెక్కపెట్టవచ్చు. ఇటువంటి సుద్దనేల నదులు ప్రపంచం మొత్తంలో కొన్ని వందలే. వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లాండులోనే ఉన్నాయి.

ఈ నీటిలో రెండు పేరుపొందిన చేపలున్నాయి. ఒకటి ఒంటినిండా చుక్కలుండే ట్రౌట్. రెండవది వెండి రంగులో, వీపు మీద తెరచాప వంటి పెద్ద రెక్కతో ఉండే గ్రేలింగ్. నీరు ఇంత తేటగా ఉన్నందున మనిషికి చేప కనబడుతుంది. చేపకు మనిషి కూడా కనబడతాడు! అక్కడే చిక్కు.

ఏటికి ఎదురుగా తల పెట్టి నిలబడడం చేప అలవాటు. ప్రవాహమే దానికి ఆహారం తెచ్చి ఇస్తుంది. కాబట్టి గాలపువాడు దిగువ నుండి, దాని వెనుకగా, వంగి నెమ్మదిగా రావాలి. వచ్చిన వెంటనే విసరకూడదు. అది ఏమి తింటున్నదో ముందు చూడాలి. ఉదాహరణకు మేఫ్లై అనే ఈగ ఉంది. దాని పిల్లపురుగు సుమారు రెండేళ్లు నది అడుగు బురదలో బ్రతుకుతుంది. మే నెల చివరలో పైకి వచ్చి రెక్కలు విప్పుకుంటుంది. తరువాత అది ఏమీ తినదు. ఒకటి రెండు రోజులలో జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ దినాలలో ట్రౌట్ చేపలకు అది విందు. చిన్న గాలపు ముల్లుకు ఈకలు, బొచ్చు దారంతో చుట్టి అటువంటి ఈగనే తయారుచేస్తారు. ఈకకు బరువుండదు గనుక బరువంతా దారానికే ఇచ్చి, కర్రను వెనుకకు ముందుకు ఊపి విసురుతారు. దారం ఏమాత్రం లాగినా ఈగ నీటితోపాటు సహజంగా కదలదు. చేప దాని దగ్గరకు వచ్చి, చూచి, వెళ్లిపోతుంది.

ఈ పనిలోనూ మనుష్యులు ఒక ధర్మశాస్త్రం కల్పించుకున్నారు. ఫ్రెడరిక్ హాల్‌ఫోర్డ్ అనే ఆయన 1886లో ఒక పుస్తకం వ్రాసి, నీటిపై తేలే ఈగతో చేప పట్టే విద్యను చక్కగా నేర్పాడు. అది మంచి పనే. అయితే ఆయన అనుచరుల చేతిలో ఆ మంచి పద్ధతి కట్టడగా మారింది. తేలే ఈగను తప్ప మరి దేనిని వేసినా తప్పు అన్నారు.

జార్జ్ స్క్యూస్ అనే వకీలు ఇచెన్ నదిలో చాలా ఏళ్లు గాలం వేశాడు. ఆయన పట్టిన చేప కడుపులో ఏముందో తీసి చూచేవాడు. రెక్కలున్న ఈగలు కొన్నే. ఎక్కువ భాగం నీటిలోపల ఈదే పిల్లపురుగులు! చేప లోపల తింటుంటే మనం పైనే ఎందుకు విసరాలి అని 1910లో ఒక పుస్తకం వ్రాశాడు. 1938లో లండన్‌లోని గాలపువారి క్లబ్బులో దీనిమీద పెద్ద వాదమే జరిగింది. అప్పటికి స్క్యూస్‌కు దాదాపు ఎనభై ఏళ్లు. తరువాత ఏవన్ నది కాపరి ఫ్రాంక్ సాయర్ నెమలి జాతి పక్షి తోక ఈకను సన్నని రాగి తీగతో చుట్టి, మునిగే పురుగును తయారుచేశాడు. నేడు అనేక దేశాలలో దానిని వాడుతున్నారు. నియమాన్ని చూచినవారి కంటె నీటిని చూచినవారికే ఎక్కువ తెలిసింది.

గ్రేలింగ్ సంగతి కూడా అంతే. ట్రౌట్ తినవలసిన మేత తినేస్తున్నదని ఒకప్పుడు నది కాపరులు దానిని వలలతో పట్టి పారవేసేవారు. ఇప్పుడు ట్రౌట్ కాలం ముగిసిన చలి నెలలలో ఆ గ్రేలింగ్ కోసమే ఏటిగట్టుకు వస్తున్నారు.

ఇక నీటి సంగతి. సుద్దలోని నీటినే బోర్లతో తోడి పట్టణాలకు పంపుతున్నారు. బోరు పక్కన బోరు వేస్తే పాతబావి ఎండడం మన పల్లెలకు తెలియని సంగతి కాదు. అక్కడ నదులే ఎండిపోయాయి. దీనికి తోడు మురుగునీరు, పొలాల ఎరువులు కలుస్తున్నాయి. 2014లో వచ్చిన ఒక నివేదిక ఇంగ్లాండు సుద్దనేల నదులలో నాలుగింట మూడు వంతులకు పైగా మంచి స్థితిలో లేవని తెలిపింది. అయితే హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వెర్ అనే చిన్న నది సంగతి వినండి. 1993లో అక్కడ ఒక పంపింగ్ కేంద్రాన్ని ఆపిన తరువాత ఎగువ భాగంలో నీరు మరల పారింది. భూమి అడుగున నీరు కోలుకునే అవకాశం ఇస్తే నది తిరిగి వస్తుంది. నదులను కాపాడాలని అడుగుతున్నవారిలో గాలపువారు ముందున్నారు. చేప కోసం వెళ్లినవారు చూడడం నేర్చుకున్నారు. చూచినందున ఊరుకోలేకపోయారు.

ఐజాక్ వాల్టన్ అనే భక్తిపరుడు 1653లో గాలపు విద్య మీద ఒక పుస్తకం వ్రాశాడు. 1683లో ఇచెన్ నది ఒడ్డున ఉన్న వించెస్టర్‌లో మరణించి, అక్కడి ప్రధాన దేవాలయంలో సమాధి చేయబడ్డాడు. ఆ దేవాలయపు రంగు అద్దాల కిటికీలో, ఏటి పక్కన పుస్తకం పట్టుకొని కూర్చున్న ఆయన బొమ్మ ఉంది. దాని క్రింద ఉన్న మాట 1 థెస్సలొనీకయులకు 4:11లోనిది. మీ బైబిలు తెరచి చదవండి. నెమ్మదిగా ఉండమని చెప్పిన ఆ వచనమే చేతులతో పనిచేయమని కూడా చెప్పుచున్నది. నెమ్మది అంటే సోమరితనం కాదు. విసరకముందు కన్నులు తెరచి చూడడం అది.