గునుగు పువ్వుకు ధర ఎంత?

2012 సెప్టెంబర్ 30 యాది ఉందా? హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద సాగరహారం. దానికి అనుమతి ఇవ్వడానికి నాటి సర్కారు సవాలక్ష సాకులు చెప్పింది. అందులో ఒకటి జీవవైవిధ్య సదస్సు. తెల్లారితే ప్రపంచ దేశాల ప్రతినిధులు వస్తారు, నగరంలో జనం గుమిగూడొద్దన్నారు. అప్పుడు మనలో చాలామందికి ఆ మాట పోలీసు బారికేడ్ లెక్కనే కనబడింది. కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంలో ఒక అసలు ముచ్చట మరిచిపోయాం. ఆ సదస్సు మాట్లాడింది కూడా మన నేల గురించే, మన నీళ్ల గురించే.

2014లో రాష్ట్రం వచ్చింది. సదస్సు గుర్తుగా గచ్చిబౌలిలో ఒక జంక్షన్ పేరు మిగిలింది. ఇవాళ 'బయోడైవర్సిటీ' అంటే ట్రాఫిక్ జామ్ అయ్యే చౌరస్తా. దానికి కొద్ది దూరంలోనే 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమంది. అంటే కొట్లాట అయిపోలేదు, తొవ్వ మారిందంతే.

ఇది ఒక్క హైదరాబాద్ ముచ్చట కాదు. మన బాన్సువాడకే వద్దాం. నిజాంసాగర్ కాలువ కింద కనుచూపు మేర వరి. వానాకాలం వరి, యాసంగి వరి. పచ్చగా కనబడేదంతా ప్రకృతి అనుకుంటాం. ఒడ్డు మీద నిలబడి చూడండి. గడ్డిమందు కొట్టిన గట్టు మీద ఏం మిగిలింది? మెట్ట చెలకల్లో తెల్లగా నవ్వే గునుగు, దారి పక్క తంగేడు కోసుకొచ్చి పేర్చిన పండుగ బతుకమ్మ. ఆ బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగ చేసుకున్నాం. ఇప్పుడు అదే గునుగును అంగట్లో కట్టల లెక్కన కొంటున్నాం. పండుగ మనది, పువ్వు ఎక్కడిది?

'పూల ముచ్చట మంచిదే, కానీ పొట్ట నిండాలి కదా' అంటారు కొందరు. సరే, పైసల లెక్కనే చేద్దాం.

మొదటి లెక్క నిజాంసాగర్. 1931లో పూర్తయినప్పుడు దాని నిల్వ 29.7 టీఎంసీలు. ఇప్పుడు లెక్కల్లో ఉన్నది 17.8 టీఎంసీలు. దాదాపు 12 టీఎంసీల జాగను పూడిక మింగింది. బాలాఘాట్ గుట్టల నుంచి బీదర్, మెదక్ సీమల మీదుగా మంజీర మోసుకొచ్చిన మట్టి అది. చెట్టు, పొద, గడ్డి వేర్లు పట్టి ఉంచితే మట్టి పైన్నే ఉంటుంది. అవి పోతే మట్టి మన ప్రాజెక్టులోకి వస్తుంది. ఎగువన సింగూరు నీళ్లు నగరానికి పోయాయని మనం కొట్లాడాం, అది న్యాయమే. మరి పూడిక ఎత్తుకుపోయిన 12 టీఎంసీల మీద ఎన్నడైనా ధర్నా చేశామా?

రెండో లెక్క వరిదే. 1970లలో ఆసియా వరి మీద గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు పడింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆరు వేలకు పైగా రకాలను గాలించారు. తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్‌లోని గోండా దగ్గర దొరికిన ఒక అడవి వరిలో కనబడింది. రైతు కలుపని పీకేసే గడ్డి అది! ఐఆర్-36 వంటి రకాలకు ఆ గుణం దాని నుంచే వచ్చింది. మన సాంబ మసూరికి అగ్గితెగులు ఎంత గండమో ఇక్కడి రైతుకు చెప్పనక్కర లేదు. ఊరంతా ఒకటే విత్తనం వేస్తే తెగులుకు ఒకటే తలుపు చాలు. రేపటి తెగులుకు మందు ఏ ఒడ్డు మీది గడ్డిలో ఉందో ఇవాళ ఎవరికి ఎరుక?

మూడో లెక్క రాబందులది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందుతో మన దేశంలో రాబందులు కుప్పకూలాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కళేబరాలు తినే పక్షులు లేక 2000-2005 మధ్య అదనంగా పోయిన మనుషుల ప్రాణాలు సుమారు 5 లక్షలు. నష్టం ఏడాదికి దాదాపు 6,900 కోట్ల డాలర్లు. శవాల మీద వాలుతుందని మనం అసహ్యించుకున్న పక్షి మనకు చేసిన చాకిరీ ఇది. జీతం అడగలేదు గనుక విలువ కట్టలేదు.

చిన్న లెక్కలు ఇంకా ఉన్నాయి. పొలం గట్టు మీది పొన్నగంటి, గంగవాయిలి కూర, మడిలో ఎండ్రకాయ, కుంటలో కొర్రమీను. గుంట భూమి లేని ఇంట్లో కూడా కూర ఉడికేది వీటితోనే. గట్టుకు గడ్డిమందు కొడితే మొదట ఎండేది పేదింటి కూరకుండ.

అయితే రైతును దోషిని చేయడం అన్యాయం. కలుపు తీసే కూలి భారమైంది. కొనుగోలు కేంద్రం కొనేది వడ్లనే. జొన్న, పెసర, నువ్వులు వేస్తే కొనే దిక్కు లేకుండా చేసి, వైవిధ్యం కాపాడమని రైతుకు నీతులు చెప్పడం మోసం. మద్దతు ధర కాగితం మీద కాదు, కొనుగోలులో ఉండాలి.

లెక్కలన్నీ అయ్యాక ఒక మాట మిగులుతుంది. పైసలు రాకపోతే బతికే హక్కు లేదా? దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమంటాం. అది మన రాష్ట్ర పక్షి. కానీ దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, చూపించి పైసలు అడుగుతుంటే ఇచ్చి మొక్కుతాం. 2023 నాటి దేశవ్యాప్త పక్షుల నివేదిక పాలపిట్టల సంఖ్య బాగా తగ్గుతోందని హెచ్చరించింది. ఇతరుల లెక్కల్లో మన బతుక్కు విలువ లేదనే కదా ఆత్మగౌరవ పోరాటం చేశాం. మన లెక్కలో ఇంకో జీవికి విలువ లేదంటే ఆ పోరాటం నేర్పిందేమిటి?

ఏం చేయాలి? తొవ్వ చట్టంలోనే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊరి చెట్టు, చేప, విత్తనం, మందుమొక్కల జ్ఞానం ఒక రిజిస్టర్‌కు ఎక్కాలి. 2020 జనవరి 31 లోగా అన్నిచోట్లా ఇవి పూర్తి కావాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు కూడా పెట్టింది. విద్యార్థులారా, మీ పంచాయతీకి పోయి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. అది ఆఫీసులో కూర్చుని నింపిన కాగితమైతే, ఊరి అవ్వల దగ్గర కూర్చుని మళ్లీ రాయించండి. ఉద్యోగ మిత్రులారా, సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఒడ్డు మీద నడవండి.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. ఆ మూడూ నిలబడేది నేల మీద. వచ్చే ఏడు మన ఆడబిడ్డ గునుగు కోసం అంగడికి పోతుందా, చెలకకు పోతుందా? రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లుగా జవాబు చెప్పాల్సింది మనమే.