బ్యాకప్‌లో మీ ఊరి పేరు మిగిలిందా?

నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో ప్రాజెక్టులు చేస్తున్న మిత్రులారా! ఈ చిన్న పరీక్ష చేసి చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 టేబుల్ తయారుచేసి, అందులో 'మహానంది' అని తెలుగులో ఎక్కించండి. క్యారెక్టర్ సెట్‌ను లాటిన్1గా పెట్టి బ్యాకప్ తీయండి. ఫైల్లో ఊరి పేరు ఉండదు, 7 ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఎర్రర్ మాత్రం రాదు! అసలు డేటా పోతే, ఆ ఫైలు నుంచి పేరును రాబట్టలేం.

లాటిన్1లో తెలుగుకు చోటే లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, చాలా ఎమోజీలకు 4 బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో పాత 'యూటీఎఫ్8' 3 బైట్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే బ్యాకప్ కమాండ్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అని మీరే రాయండి. 8.0 వెర్షన్‌లో అదే డీఫాల్ట్ అయినా, ఉద్యోగంలో పాత సర్వర్లూ తగులుతాయి.

మనం ప్రాజెక్టుల్లో ఇంగ్లిష్ పేర్లే ఎక్కిస్తాం. కాబట్టి ఈ లోపం బయటపడదు. రేపు పింఛన్ల జాబితా మీ చేతికొస్తే? అక్కడ చెరిగిపోయేది ఓ అవ్వ పేరు.

'బ్యాకప్ తీయడం వచ్చు' అని ఇంటర్వ్యూలో ఎవరైనా అంటారు. 'రీస్టోర్ చేసి, తెలుగు చదివి సరిచూశాను' అని మీరు చెప్పగలగాలి. తెలుగు తెలియడం ఇక్కడ మీకు అదనపు అర్హతే.