పాత బొమ్మల చదువుకు పరదేశం పోవాలా?

"పాత బొమ్మలు చూడడానికి ఎం.ఏ.నా? దానికి మళ్లీ పరదేశమా?" అని రచ్చబండ దగ్గర ఎవరైనా అడిగితే నవ్వి తోసిపుచ్చరాదు. పిల్లల చదువుల కోసం పొలాలు తాకట్టు పెడుతున్న రోజులివి. ఏ చదువు దేనికో తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. అడిగిన దానికి జవాబు చెప్పవలసిందే.

ఇంగ్లండులో కోవెంట్రీ నగరం దాపున వార్విక్ విశ్వవిద్యాలయం 1965లో ప్రారంభమైంది. రెండేళ్లకే, 1967లో, తన విద్యార్థులను ఒక టర్మ్ పాటు ఇటలీలోని వెనిస్ నగరంలో ఉంచి చదివించడం మొదలుపెట్టింది. యూరపు రినైజాన్స్ సంస్కృతిపై పెట్టిన ఎం.ఏ.లో కూడా ఇదే పద్ధతి పాటించింది. 14వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం దాకా ఇటలీ పండితులు పాత గ్రీకు, లాటిన్ గ్రంథాలను వెలికితీశారు. చిత్రకళ, శిల్పం, అచ్చుపని కొత్త దారి తొక్కాయి. ఆ కాలాన్నే రినైజాన్స్ అంటారు.

ఇదంతా లైబ్రరీలో కూర్చుని చదువుకోరాదా? కొంతవరకు చదువుకోవచ్చు. అయితే వెనిస్‌లోని ఫ్రారీ చర్చిలో టిషియన్ 1518లో ముగించిన మేరీమాత స్వర్గారోహణ చిత్రం ఉన్నది. దాని ఎత్తు దాదాపు 7 మీటర్లు. పుస్తకంలో అది అరచేతి మందాన కనిపిస్తుంది. దాని వెనుక కిటికీల నుంచి వెలుగు కళ్లలో కొడుతుంది. ఆ వెలుగును తట్టుకుని, చర్చి ద్వారం దగ్గర నిలబడినవాడికి కూడా కనబడేలా చిత్రకారుడు ఆ ఎర్రరంగులు వేశాడు. ఈ సంగతి అక్కడ నిలబడితేనే బోధపడుతుంది. తిరునాళ్ల ఫోటో చూసినవాడు తిరునాళ్ల చూసినట్లా?

ఆ చర్చిని అంటిపెట్టుకునే పాత మఠంలో వెనిస్ ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం ఉన్నది. అక్కడి అలమారలను వరుసగా పేరిస్తే 70 కిలోమీటర్లకు పైమాటే. వీలునామాలు, పన్ను లెక్కలు, రాయబారుల ఉత్తరాలు అన్నీ ఉన్నాయి. వాటిని చదవాలంటే లాటిన్ వచ్చినంత మాత్రాన చాలదు. ఆనాటి చేతిరాత పట్టుబడాలి. కరణంగారి గొలుసుకట్టు రాత చూసి తికమకపడిన రైతుకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. అది గురువు పక్కన కూర్చుని, అసలు కాగితం ముందు పెట్టుకుని నేర్చుకోవలసిన విద్య.

ఆ ఊరికి నీటి గండం కూడా ఉన్నది. 1966 నవంబరు 4న సముద్రపు పోటు 194 సెంటీమీటర్లకు లేచి నగరాన్ని ముంచింది. 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లకు వచ్చింది. సముద్రపు నీటిని ఆపే గేట్లను 2020 అక్టోబరులో మొదటిసారి వాడారు. కోస్తా తుపానులు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. ఉన్నదాన్ని ఉన్నచోట చదివి రాసిపెట్టుకోకపోతే, ఉప్పునీరు తినేసిన తరువాత చదవడానికి ఏమీ మిగలదు.

ఈ గొడవ బాపట్ల జిల్లా పల్లెలకెందుకు అనవచ్చు. సంబంధం ఉన్నది. 13వ శతాబ్దం చివర తూర్పుదేశాలు తిరిగిన మార్కోపోలో వెనిస్ వాడే. సాలెగూడంత సన్నని బట్టలు, వజ్రాలు, న్యాయంగా ఏలే రాణి గల దేశమని అతను రాసిన "ముట్ఫిలి" మోటుపల్లి రేవేనని చరిత్రకారులు గుర్తించారు. విజయనగరం చూసిన నికోలో కాంటీ కూడా వెనిస్ వర్తకుడే. ఈ ఇద్దరి వృత్తాంతాలనూ 16వ శతాబ్దంలో ఏర్చికూర్చి, వెనిస్‌లో అచ్చుకు సిద్ధం చేసినవాడు రామూసియో. తెలుగు రేవు పేరు ఆ అచ్చు పుస్తకాల ద్వారా కూడా రినైజాన్స్ పాఠకుల ఇళ్లకు చేరింది.

కనుక ఆ టర్మ్ విహారయాత్ర కాదు. చదువులో అదే అసలు భాగం. అయితే ఒక్కమాట దాచరాదు. ఈ చదువు చదివినవారికి మ్యూజియములు, భాండాగారాలు, కళాశాలల్లో పని ఉంటుంది గాని ఆ కొలువులు కొద్ది. వెనిస్‌లో ఇంటి అద్దెలు ఎక్కువ. స్కాలర్‌షిప్ చేతికి రాకుండా పొలం అమ్మి పంపడం తెలివైన పని కాదు. ఫీజు ఎంత, అక్కడి బస ఖర్చు ఎవరిది, ఇటాలియన్ భాష ఎవరు నేర్పుతారు అనే మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్న తరువాతే అడుగు వేయాలి.

పంపలేనివారు కూడా ఆ పద్ధతిని అందుకోవచ్చు. సముద్రంలో ఓడలు దెబ్బతిన్న వర్తకుల సొత్తుకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం మోటుపల్లి వీరభద్రాలయంలో ఉన్నది. చరిత్ర చదివే ఎంతమంది డిగ్రీ విద్యార్థులు ఆ రాతిని వేలితో తడిమి అక్షరం గుర్తుపట్టారు? ఇంగ్లండు వారు సముద్రం దాటించి పిల్లలను ఒక టర్మ్ ఉంచగా లేనిది, జిల్లా కళాశాలలు బస్సు ఎక్కించి ఒక వారం ఉంచలేవా? దానికి పొలం అమ్మనక్కరలేదు. అధ్యాపకులు పూనుకుంటే చాలు.